ఉండలో ఒకలా, ఒంటి మీద ఇంకోలా: స్వెట్టర్‌కి ఊలు ఎంచుకోవడం, కలపడం

ఊలు కొనేటప్పుడు చెయ్యి ముందు రంగు మీదికే వెళ్తుంది. తర్వాత ఉండని నొక్కి చూస్తాం, చెంపకి ఆనించుకుంటాం. మెత్తగా ఉంటే ఇక ఆలోచించేదేమీ ఉండదు. తీరా నెలన్నర కూర్చుని అల్లి, మొదటిసారి ఉతికి ఆరేశాక చూస్తే చేతులు వేళ్లు దాటి వేలాడుతుంటాయి, కింది అంచు తొడల మీదికి దిగి ఉంటుంది. అల్లినవాళ్లు తమకే పని సరిగా రాలేదని బాధపడతారు. చాలాసార్లు పనిలో లోపమేమీ ఉండదు. ఆ దారం ఆ స్వెట్టర్‌కి తగినది కాకపోవడమే అసలు కారణం.

స్వెట్టర్ అంటే తన బరువు తనే మోస్తూ భుజాల మీద నుంచి వేలాడే బట్ట. మోచేతుల దగ్గర సాగుతుంది, చంకల దగ్గర రాసుకుంటుంది, ఏడాదికి కొన్నిసార్లు నీళ్లలో మునుగుతుంది. కాబట్టి దారాన్ని అడగాల్సిన ప్రశ్నలు మూడు: లాగితే మళ్లీ వెనక్కి వస్తుందా? ఎంత బరువు? తడిస్తే ఎలా ఉంటుంది? రెండు మూడు దారాలు కలిపి వాడాలనుకుంటే ఈ మూడింటికీ అవన్నీ దాదాపు ఒకే జవాబు చెప్పాలి, లేదా తేడా ఎక్కడుందో ముందే తెలిసి ఉండాలి. రంగు ముఖ్యమే. కానీ దాని వంతు వీటి తర్వాతే వస్తుంది.

పీచులో ఏముంది

గొర్రె ఉన్ని ఇన్ని వందల ఏళ్లుగా స్వెట్టర్లకి మొదటి ఎంపికగా ఉండటానికి కారణం వెచ్చదనం ఒక్కటే కాదు. ఉన్ని పీచుకి పుట్టుకతోనే సన్నని వంకీలు ఉంటాయి. లాగితే ఆ వంకీలు విచ్చుకుంటాయి, వదిలితే మళ్లీ ముడుచుకుంటాయి. రిబ్ అంచు (సాగే గీతల అల్లిక) మణికట్టుని పట్టుకుని ఉండేది ఈ గుణం వల్లే. ఆ వంకీల మధ్య గాలి నిలుస్తుంది, వెచ్చదనం అక్కడి నుంచి వస్తుంది. తన బరువులో దాదాపు 30 శాతం తేమ పీల్చుకున్నా ఉన్ని తడిసినట్టు అనిపించదు.

ఉన్ని గుచ్చుకుంటుందన్న ఫిర్యాదుకి కారణం పీచు లావు. మెరినో ఉన్ని పీచు 17 నుంచి 24 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది, చర్మానికి తగిలితే ఒంగిపోతుంది. 30 మైక్రాన్లు దాటిన పీచు కొన ఒంగదు, పొడుస్తుంది. అలాంటి పీచులు నూటికి అయిదారు ఉన్నా చాలు, మెడ దురదపెడుతుంది. ఉన్ని తమకి పడదనుకునే చాలామందికి నిజంగా పడనిది ఈ లావు పీచే.

అలాగని అందరూ అతి మెత్తని దారం వైపే వెళ్లాలని కాదు. సన్నని, పొట్టి పీచుతో వదులుగా వడికిన దారం రాపిడికి తట్టుకోదు. పీచు కొనలు బయటికొచ్చి ఒకదానికొకటి చుట్టుకుని బట్ట మీద చిన్న చిన్న ఉండలు కడతాయి. ఉండలో ఎంత ముద్దుగా ఉంటే ఒంటి మీద అంత త్వరగా పాతబడే దారాలు ఎన్నో ఉన్నాయి. లోపల చొక్కా వేసుకుని పైన వేసుకునే స్వెట్టర్‌కి కొంచెం గరుకైన ఉన్నే మేలు. అది పదేళ్లు నిలుస్తుంది. మెడ పట్టీ ఒక్కటీ అదే రంగు మెత్తని ఉన్నితో అల్లితే దురద సమస్యా ఉండదు.

అల్పాకా (దక్షిణ అమెరికా జంతువు ఉన్ని) వెచ్చన, మెరుపూ ఉంటుంది. కానీ దాని పీచులో వంకీలు తక్కువ, అందుకే సాగితే సాగినట్టే ఉండిపోతుంది. పూర్తి అల్పాకాతో పొడవాటి స్వెట్టర్ అల్లితే అది నెల నెలా ఇంకాస్త పొడవవుతుంది. సగం ఉన్ని కలిసిన అల్పాకా అయితే ఈ బెడద చాలా తగ్గుతుంది. పట్టు గట్టిది, అందంగా జారుతుంది, రంగుని మెరిపిస్తుంది, కానీ ముడుచుకునే గుణం దానికీ లేదు. పదికి రెండు మూడు పాళ్లు ఉంటే మంచి తోడు, ఒంటరిగా స్వెట్టర్ బరువు మోయమంటే కష్టం.

పత్తి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువ నిరాశలు ఇక్కడి నుంచే వస్తాయి. పత్తి పీచు ఘనపు సెంటీమీటరుకి సుమారు 1.5 గ్రాములు తూగుతుంది, ఉన్ని 1.3. ఈ తేడాకి తోడు పత్తి దారంలో ఉన్నిలో ఉన్నంత గాలి నిలవదు. అందువల్ల అదే మందం దారం, అదే సైజు, కానీ పత్తి స్వెట్టర్ స్పష్టంగా బరువెక్కువ. పైగా వెనక్కి రాదు. పత్తి మీద ఇష్టం ఉంటే పొట్టి స్వెట్టర్, బిగువైన అల్లిక, భుజాల దగ్గర కుట్టిన అతుకులు ఎంచుకోవాలి. అతుకు లేకుండా మెడ నుంచి కిందికి ఒకే గొట్టంలా అల్లే డిజైన్‌లో బరువునంతా మోసే ఎముక ఏదీ ఉండదు. ఉన్నికి అది సరిపోతుంది, పత్తికి సరిపోదు.

కృత్రిమ దారమైన యాక్రిలిక్‌ని చిన్నచూపు చూడటం అల్లికల లోకంలో ఒక అలవాటు. అది న్యాయం కాదు. పసిపిల్లల స్వెట్టర్ వారంలో మూడుసార్లు మెషీన్‌లో పడుతుందనుకుంటే అదే సరైన ఎంపిక. దాని హద్దులు తెలిస్తే చాలు. ఇస్త్రీ పెట్టెగానీ వేడి ఆవిరిగానీ తగిలితే బిగువు పోయి ఒక్కసారిగా వడిలిపోతుంది, మళ్లీ తిరిగి రాదు. ఉన్ని మీద కట్టిన ఉండలు కొన్నాళ్లకి రాలిపోతాయి. యాక్రిలిక్ పీచు గట్టిది కాబట్టి దాని ఉండలు రాలవు, పట్టుకునే ఉంటాయి.

మెషీన్ వాష్ అని రాసి ఉండే సూపర్‌వాష్ ఉన్ని గురించి కూడా ఒక మాట. ఉన్ని పీచు మీద చేప పొలుసుల్లాంటి పొరలు ఉంటాయి. వేడి, తడి, కదలిక మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బట్ట అట్ట కట్టేస్తుంది. సూపర్‌వాష్‌లో ఆ పొలుసుల అంచుల్ని క్లోరిన్‌తో అరగదీస్తారు, లేదా సన్నని పాలిమర్ పూతతో కప్పేస్తారు, కొన్నిసార్లు రెండూ చేస్తారు. అట్ట కట్టడం ఆగిపోతుంది, నిజమే. కానీ కుట్టుని కుట్టు పట్టుకునే గరుకుదనమూ పోతుంది. అందుకే సూపర్‌వాష్ స్వెట్టర్ తడిస్తే ఆశ్చర్యం కలిగేంత సాగుతుంది. అది కూడా ఉన్నే కదా అని మామూలు ఉన్ని లెక్కతో పొడవు అల్లేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

పురి, పేటలు

ఒకే గొర్రె ఉన్నిని రెండు రకాలుగా వడికితే రెండు వేరు వేరు దారాలు వస్తాయి. పీచులన్నిటినీ దువ్వి, ఒకే దిక్కుకి పరిచి వడికితే నున్నని, బరువైన, గట్టి దారం వస్తుంది. దీన్ని వర్‌స్టెడ్ స్పన్ అంటారు. పీచుల్ని అడ్డదిడ్డంగానే ఉంచి, మధ్యలో గాలి వదిలి వడికితే తేలికైన, కాస్త నూగున్న దారం వస్తుంది, అది వూలెన్ స్పన్. మందం సూచించడానికీ వర్‌స్టెడ్ అనే మాటనే వాడతారు, రెండిటికీ సంబంధం లేదు. లేబుల్ చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోకపోతే తికమక తప్పదు.

పాతకాలపు అల్లికలు ఈ తేడాని ఎంత బాగా వాడుకున్నాయో చూస్తే ముచ్చటేస్తుంది. బ్రిటన్ తీరంలో జాలరులు వేసుకున్న గాన్సీ స్వెట్టర్లు 5 పేటల వర్‌స్టెడ్ స్పన్ దారంతో, సన్నని సూదుల మీద చాలా బిగువుగా అల్లేవారు. గాలి దూరదు, త్వరగా అరగదు. సీదా ఉల్టా కుట్లతో వేసిన డిజైన్ ఆ నున్నని దారం మీద చెక్కినట్టు కనిపిస్తుంది. దానికి పూర్తిగా అటు చివర స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల అల్లిక. అక్కడి రంగురంగుల ఫెయిర్ ఐల్ డిజైన్లకి గరుకైన, తేలికైన 2 పేటల ఉన్ని వాడతారు. ఆ గరుకుదనం వల్ల పక్కపక్క కుట్లు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, రంగులు సర్దుకుంటాయి. స్వెట్టర్‌ని గొట్టంలా అల్లేసి, తర్వాత ముందు భాగాన్ని కత్తెరతో నిలువునా కత్తిరించి కార్డిగన్ చేసే ధైర్యం ఆ దారం ఇస్తుంది. నున్నని సూపర్‌వాష్ మీద అదే కత్తెర పెడితే అంచు కుట్లు ఊడిపోతాయి.

ఐస్‌లాండ్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. అక్కడి గొర్రెకి పైన పొడవాటి, నీటిని జార్చేసే తోగ్ అనే బొచ్చు, లోపల మెత్తని థేల్ అనే ఉన్ని ఉంటాయి. ఈ రెండూ కలిపి, అసలు వడకకుండానే పలకలా చుట్టిన ప్లోటులోపితో కూడా స్వెట్టర్లు అల్లుతారు. లాగితే చేతిలో విడిపోతుంది. రెండు పోగులు కలిపి అల్లాక మాత్రం ఆ బట్ట తేలిగ్గా, గట్టిగా నిలబడుతుంది. ఉండని చూసి దారం బలం అంచనా వేయకూడదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

పేటల విషయంలో లెక్క సులువు. 2 పేటల దారంలో పేటలు పక్కలకి తోసుకుంటాయి, కాబట్టి చిల్లుల లేస్ డిజైన్ విచ్చుకుని కనిపిస్తుంది. 3, అంతకన్నా ఎక్కువ పేటలుంటే దారం గుండ్రంగా వస్తుంది, జడల్లాంటి కేబుల్ డిజైన్లు ఉబ్బెత్తుగా లేస్తాయి. ఒంటి పేట దారం మెరుపుగా ఉంటుంది కానీ రాపిడికి ఓర్చుకోదు. పురి ఎక్కువైతే సాదా అల్లిక ఒక పక్కకి వాలిపోతుంది కూడా. నాలుగు రంగులు చల్లిన దారంతో కేబుల్ డిజైన్ అల్లడం మాత్రం వద్దనే చెప్పాలి. అంత శ్రమా రంగుల గజిబిజిలో మునిగిపోతుంది.

రెండు పోగులు కలిపి అల్లడం

ఇంట్లో ఉన్న సన్న దారాలు రెండు కలిపి స్వెట్టర్ అల్లితే ఎంత మందం వస్తుంది? అందరికీ వచ్చే ప్రశ్న ఇది. దీనికి చిన్న లెక్క ఉంది. ప్రతి దారానికీ 100 మీటర్లు ఎన్ని గ్రాములో చూసి, రెండూ కూడాలి. 100 గ్రాములకి 400 మీటర్లు వచ్చే, ఫింగరింగ్ అనే సన్న దారం 100 మీటర్లకి 25 గ్రాములు. అలాంటివి రెండు కలిపితే 50 గ్రాములు, అంటే 100 గ్రాములకి 200 మీటర్లు. అది మధ్యరకం, అరాన్ అనే లావు దారానికి దగ్గరి మందం.

ఫింగరింగ్‌కి తోడు మొహైర్ (అంగోరా మేక బొచ్చు), పట్టు కలిసిన సన్నని దారం జత చేస్తే లెక్క కాస్త మారుతుంది. అది సాధారణంగా 25 గ్రాముల ఉండలో 210 మీటర్లు వస్తుంది, అంటే 100 మీటర్లకి 12 గ్రాములు. 25, 12 కలిపి 37. అంటే 100 గ్రాములకి 270 మీటర్లు. ఈ అంకె చూస్తే డీకే (ఫింగరింగ్‌కీ అరాన్‌కీ మధ్య మందం) కన్నా సన్నగా ఉండాలి. కానీ మొహైర్ నూగు తన బరువుకి మించి చోటు తీసుకుంటుంది. అందుకే 4 మిల్లీమీటర్ల సూదుల మీద ఇది చక్కగా డీకేలా కూర్చుంటుంది. లెక్క దారి చూపిస్తుంది, తీర్పు మాత్రం అల్లి చూసిన ముక్కదే.

మొహైర్ పోగు చేసే మేలు చాలా ఉంది. కుట్ల మధ్య ఖాళీల్ని నూగు నింపుతుంది, బరువు పెరగకుండా వెచ్చదనం పెరుగుతుంది, కుట్ల ఎగుడుదిగుడులు కనపడవు. ఒక్కటే ఇబ్బంది, తప్పు జరిగితే విప్పడం నరకం. నూగులు ఒకదానికొకటి అల్లుకుపోయి ఉంటాయి. కాబట్టి ఆ జత మీద కొత్త డిజైన్ నేర్చుకోవడం మంచిది కాదు. చేతికి అలవాటైన సాదా అల్లికకే అది ఉంచుకోవాలి.

కలిపే రెండు పోగులూ ఒకేలా సాగుతాయా అన్నది చూసుకోవాలి. ఉన్ని పోగు, పత్తి పోగు జత చేస్తే బట్ట సాగే హద్దుని పత్తి నిర్ణయిస్తుంది. ఉతికాక ఉన్ని ముడుచుకుంటే, పత్తి పోగు చిన్న చిన్న ఉంగరాలుగా పైకి తేలుతుంది. ఉన్నితో మొహైర్, ఉన్నితో అల్పాకా, ఉన్నితో సన్నని పట్టు బాగా కలుస్తాయి. మోచేతి దగ్గర, మణికట్టు పట్టీలో సన్నని నైలాన్ పోగు ఒకటి జత చేస్తే ఆ భాగాలు త్వరగా చిరగవు. ఇంకో చిన్న జాగ్రత్త: రెండు దారాల్ని ముందే కలిపి ఒకే ఉండగా చుట్టకూడదు. ఒకటి బిగుసుకుని, ఒకటి వదులై, అల్లేటప్పుడు మధ్యలో ఉచ్చులు పడతాయి. వేర్వేరు సంచుల్లో పెట్టి, రెండిటి బిగువు చేతి వేళ్ల దగ్గరే సరిచూసుకోవడం మంచిది.

రంగులు కలిసే తీరు కూడా ఇక్కడ వేరు. రెండు రంగుల పోగులు కలిపి అల్లితే దగ్గర నుంచి చుక్కలు చుక్కలుగా, దూరం నుంచి కలనేతలా మూడో రంగుగా కనిపిస్తుంది. ఒక రంగు నుంచి ఇంకో రంగుకి గీత పడకుండా వెళ్లాలంటే ఒకసారికి ఒక పోగు మాత్రమే మార్చాలి. ముందు రెండూ నీలం, తర్వాత నీలం ఆకుపచ్చ, తర్వాత రెండూ ఆకుపచ్చ, తర్వాత ఆకుపచ్చ పసుపు, చివరికి రెండూ పసుపు. మూడు రంగుల ఉండలతోనే అయిదు ఛాయలు వస్తాయి, మిగిలిపోయిన ఊలుకి ఇంతకన్నా మంచి దారి లేదు.

పక్కపక్కన వేర్వేరు దారాలు

చారల్లోనో పూల డిజైన్‌లోనో దారాలు ఒకదాని పక్కన ఒకటి వస్తే ఉతుకు అసలైన పరీక్ష. సూపర్‌వాష్ చార సాగుతుంది, దాని పక్కనున్న మామూలు ఉన్ని చార ముడుచుకుంటుంది, మధ్యలో బట్ట అలలుగా ఉబ్బుతుంది. ఎంత ఇస్త్రీ చేసినా అది పోదు. ఇలాంటి చోట ఒకే రకం పీచు, ఒకే రకం వడుకు, ఒకే మందం ఉండాలి. రంగులు వేరైతే చాలు.

ఆ రంగుల్లో చూడాల్సింది ముందుగా లేతా ముదురా అన్నది. ఎరుపు, ఆకుపచ్చ చేతిలో పూర్తిగా వేరుగా కనిపిస్తాయి. రెండూ ఒకే ముదురులో ఉంటే డిజైన్ నాలుగడుగుల దూరంలో మాయమైపోతుంది. ఉండల్ని పక్కపక్కన పెట్టి ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీస్తే సంగతి తేలిపోతుంది. రెండూ ఒకే బూడిదరంగులో పడితే ఒకదాన్ని మార్చాలి. ఒకే వరసలో రెండు రంగులు నడిచేటప్పుడు వెనక కింది నుంచి వచ్చే దారం కుట్లు కాస్త పెద్దగా, ముందుకి వచ్చినట్టు ఉంటాయి. పూవు ఏ రంగులో ఉందో ఆ దారాన్ని స్వెట్టర్ పూర్తయ్యే దాకా కింది నుంచే పట్టుకోవాలి. మధ్యలో దారాల స్థానం మారితే ఆ వరస నుంచి డిజైన్ మసకబారినట్టు కనిపిస్తుంది. వెనక వేలాడే పోగు 2.5 సెంటీమీటర్లు దాటితే మధ్యలో ఒకసారి పట్టి అల్లకపోతే వేళ్లు తగులుకుంటాయి.

ముదురు ఎరుపు, నల్ల నీలం, నలుపు పక్కన తెలుపు పెడుతున్నప్పుడు ముందుగా ముదురు దారం ముక్కని గోరువెచ్చని నీళ్లలో తడిపి తెల్లగుడ్డలో చుట్టి ఆరనివ్వాలి. గుడ్డకి రంగు అంటితే ఆ జత గురించి మళ్లీ ఆలోచించుకోవాల్సిందే.

నమూనా ముక్క చెప్పే సంగతులు

నమూనా ముక్క అల్లడం అందరికీ విసుగే. అయినా ఇన్ని ప్రశ్నలకీ జవాబు ఉన్నది దానిలోనే. కనీసం 15 సెంటీమీటర్ల చదరం అల్లాలి, ఎందుకంటే అంచు కుట్లు కొలతని మోసం చేస్తాయి, మధ్యలోని 10 సెంటీమీటర్లే నమ్మదగ్గవి. కొలవడం ఉతికి ఆరిన తర్వాతే, అది కూడా స్వెట్టర్‌ని ఎలా ఉతకబోతున్నారో అచ్చం అలాగే ఉతికాక. 10 సెంటీమీటర్లకి 22 కుట్లు అనుకుని 100 సెంటీమీటర్ల ఛాతీకి 220 కుట్లు ఎక్కించారనుకుందాం. ఉతికాక అవి 20 కుట్లకి విచ్చుకుంటే ఛాతీ 110 సెంటీమీటర్లు. ఒక్క కుట్టు తేడా వచ్చినా 105. గొట్టంలా అల్లే స్వెట్టర్‌కి నమూనా కూడా గొట్టంలానే అల్లాలి. గొట్టం అల్లికలో ఉల్టా వరసలు ఉండవు, అందువల్ల చాలామంది చేతి బిగువు మారుతుంది.

పత్తి, అల్పాకా, సూపర్‌వాష్ అయితే కొలిచాక ఆ ముక్క కింది అంచుకి నాలుగు బట్టల క్లిప్పులు పెట్టి ఒక రాత్రి వేలాడదీయాలి. పొద్దున ఎంత పెరిగిందో చూస్తే స్వెట్టర్ ఎంత సాగబోతుందో ఒక అంచనా వస్తుంది, ఆ మేరకు పొడవు తగ్గించి అల్లుకోవచ్చు. తర్వాత తూచాలి. 15 సెంటీమీటర్ల చదరం 10 గ్రాములు తూగిందనుకుందాం. 100 సెంటీమీటర్ల చుట్టుకొలత, 60 పొడవున్న ఒళ్లు, రెండు చేతులు కలిపి సుమారు 8,900 చదరపు సెంటీమీటర్లు, అంటే దాదాపు 395 గ్రాములు. అంచులకీ మెడకీ పదో వంతు కలిపితే 435. అదే ముక్క పత్తిలో 12 గ్రాములు తూగితే స్వెట్టర్ 520 గ్రాములవుతుంది. ఈ అంకె చూశాక మనసు మార్చుకోవడానికి ఇంకా సమయం ఉంటుంది.

ఒక దారం బదులు ఇంకోటి కొనేటప్పుడు గ్రాములతో పోల్చకూడదు, మీటర్లతో పోల్చాలి. పెద్దవాళ్ల సాదా డీకే స్వెట్టర్‌కి 1,000 నుంచి 1,200 మీటర్లు పట్టొచ్చు, కేబుల్ డిజైన్ అయితే ఇంకా ఎక్కువ. రెండు పోగులు కలిపి అల్లేటప్పుడు ఒక్కో దారమూ విడిగా అన్ని మీటర్లూ ఉండాలి. 1,200 మీటర్లకి ఫింగరింగ్ 100 గ్రాముల లచ్చిలు మూడు, మొహైర్ ఉండలు ఆరు. ఒకదానిలో సగం సరిపోతుందనుకుని ఒక చెయ్యి దగ్గర ఆగిపోయినవాళ్లు తక్కువమందేమీ కాదు.

లేబుల్ మీద ఉండే డై లాట్ నంబర్ (ఒకేసారి రంగు వేసిన దారాల గుర్తు) అన్నిటికీ ఒకటే ఉండేలా చూసుకుని, ఒక ఉండ అదనంగా తీసుకోవాలి. చేత్తో రంగు వేసిన లచ్చిలకి అదే లాట్ అయినా తేడా ఉంటుంది. అలాంటప్పుడు రెండు లచ్చిలు పక్కన పెట్టుకుని రెండు వరసలు ఒకదానితో, రెండు వరసలు ఇంకోదానితో అల్లుకుంటూ పోతే తేడా కలిసిపోతుంది. ఒక ఉండ పూర్తిగా అయిపోయాకే కొత్తది మొదలుపెడితే మాత్రం ఛాతీ మధ్యలో అడ్డగీత పడుతుంది. ఆ గీత పగటి వెలుతురులో మాత్రమే కనిపిస్తుంది, అల్లేటప్పుడు రాత్రి దీపం కింద కనపడదు.